రెండు పేర్ల నడుమ
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత సంఘములలో కాపరుల మార్పు

శతాబ్ది సంచిక ఏది తెరచినా అందులో ఒక పట్టిక తప్పక ఉంటుంది. సేవ చేసిన కాపరుల పేర్లు ఒక వరుసలోను, వారు వచ్చిన సంవత్సరము, వెళ్ళిన సంవత్సరము మరొక వరుసలోను అచ్చువేస్తారు. చదివేవారు ఒక పేరు మీదినుండి మరొక పేరు మీదికి సులభముగా దాటిపోతారు. కాని ఒక అయ్యగారి సామాను లారీకెక్కిన దినమునకు, మరొక అయ్యగారి నియామక ఆరాధన జరిగిన దినమునకు నడుమ కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు ఉంటాయి. పట్టికలో ఆ కాలమునకు పేరు లేదు. అయినా ఆ కాలములో గంట మ్రోగింది, ఆరాధన జరిగింది, చనిపోయినవారిని సమాధి చేసినారు, పిల్లలకు వాక్యము నేర్పినారు. ఆ పనులు చేసినదెవరు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట ఈ బదిలీ అనే ఆచారము మనకు ఎక్కడనుండి వచ్చినదో చూడవలెను. మన ప్రాంతమునకు సువార్త తెచ్చినది వెస్లియన్ మెథడిస్టు మిషను. 1879లో విలియం బర్జెస్ గారు సికింద్రాబాదులో పని ప్రారంభించినారు. ఆ తరువాతి దశాబ్దములో ఆ పని నిజాము రాజ్యములోని కరీంనగరు ప్రాంతమునకు వ్యాపించింది. ఈ మిషనుకు మూలపురుషుడైన జాన్ వెస్లీ తన ప్రసంగీకులను ఒకే చోట స్థిరపడనివ్వలేదు. 1744లో జరిగిన మొదటి కాన్ఫరెన్సు మొదలుకొని వారిని ఊరినుండి ఊరికి పంపుచునే ఉన్నాడు. 1784లో ఆయన వ్రాయించిన శాసన పత్రములో ప్రసంగీకుని ఒకే ప్రార్థనాలయమునకు వరుసగా మూడు సంవత్సరములకు మించి నియమించరాదని షరతు ఉన్నది. ఇంగ్లండు సంఘములో అభిషేకము పొందిన గురువులకు మాత్రమే దానినుండి మినహాయింపు. కాబట్టి కాపరి మారుట మన సంఘములకు నడుమ వచ్చిన కష్టము కాదు, పుట్టుకతో వచ్చిన లక్షణము.

అయితే వెస్లీ ఏర్పాటులో రెండవ భాగమును మనము మరచిపోతుంటాము. ప్రసంగీకుడు తిరుగుచుండవలెనంటే, తిరుగకుండ ఊరిలోనే ఉండేవారు కొందరు బలముగా ఉండవలెను. అందుకే క్లాసులు పెట్టినారు. పన్నెండుమందికో, అంతకు కొంచెము ఎక్కువమందికో ఒక క్లాసు లీడరు. అతడు ప్రతివారము తన వారి ఆత్మీయ క్షేమమును విచారించి, కానుక వసూలు చేయవలెను. స్థానిక ప్రసంగీకులు తమ తమ వృత్తులు చేసుకొనుచునే వాక్యము చెప్పేవారు. మూడు నెలలకొకసారి సర్క్యూటు సభ కూర్చొని లెక్కలు చూసేది. అనగా కాపరిది తిరుగుడు పని, సంఘస్థులది నిలకడ పని. ఈ రెండు కాళ్ళమీదనే ఆ సంఘము నడిచింది. ఒక కాలు చచ్చుబడితే రెండవ కాలు ఎంత బలమైనదైనా నడక సాగదు.

మన దేశములో ఈ ఏర్పాటు కొంత మారినది. కొందరు మిషనరీలు ఒకే చోట దశాబ్దములపాటు ఉండిపోయినారు. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ గారు 1895లో ఈ దేశమునకు వచ్చి, 1939లో సెలవు తీసుకొనేవరకు మెదకు ప్రాంతమునే తన సేవాక్షేత్రముగా చేసుకొన్నారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు మహా దేవాలయము ఆ సుదీర్ఘ సేవకు సాక్ష్యముగా నిలిచి ఉన్నది. అటువంటి సేవవలన గొప్ప మేలు కలిగినది, సందేహము లేదు. దానితోపాటు ఒక అలవాటు కూడ పాతుకొన్నది. పంచాయతీకైనా, పిల్లల చదువుకైనా, జబ్బుకైనా అన్నిటికి దొరగారే దిక్కు అనే అలవాటది. దొరల కాలము గడచిన తరువాత ఆ చూపు మన దేశీయ కాపరుల వైపు తిరిగింది. దొరగారు అనే చోట అయ్యగారు అనే మాట వచ్చింది. కాని దొరగారు నలభై ఏండ్లున్నారు, అయ్యగారు నాలుగైదేండ్లలో వెళ్ళిపోతారు. ఆనుకొనే అలవాటు మిగిలి, ఆనుకొన్న గోడ మాత్రము మాటిమాటికి మారుతుంటే సంఘము తూలుతుంది.

గ్రామ సంఘముల సంగతి ఇంకను వేరు. పి. వై. లూక్ గారు, జాన్ కార్మన్ గారు 1959లో మెదకు డయోసీసులోని జంగరాయి ప్రాంతపు పల్లెలలో పరిశోధన చేసి, 1968లో ఒక గ్రంథము ప్రకటించినారు. ఒక్క ప్రెస్బిటరు చేతిక్రింద ఎన్నో పల్లెలుండుటవలన ఆయన రాక అరుదైనదని, పల్లె క్రైస్తవునికి దినదినము కనిపించే సంఘ సేవకుడు సువార్తికుడేనని అందులో స్పష్టమవుతుంది. మన పాస్టరేట్లలో కూడ బహుకాలము ఇదే స్థితి. జగిత్యాలకు కోరుట్ల సుమారు 25 కిలోమీటర్లు. చుట్టుప్రక్కల పల్లెలకు ఎడ్లబండి మీదనో, సైకిలు మీదనో వెళ్ళిన దినములవి. కాబట్టి పట్టణ సంఘమునకు కాపరి లేని కాలము రెండు నెలలైతే, పల్లె సంఘమునకు ఏడాదిలో అధికభాగము అటువంటి కాలమే. ఆ పల్లెలలో విశ్వాసమును నిలిపినవారు ఉపదేశులు, బైబిలు స్త్రీలు, చదువు రాకపోయినను కీర్తనలు కంఠతా పాడిన తల్లులు. వీరి పేర్లు ఏ పట్టికలోను కనబడవు.

మన సంఘములు చూసిన మార్పులు కాపరుల మార్పులు మాత్రమే కావు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. మెథడిస్టులుగా నిద్రించినవారు సి.ఎస్.ఐ. వారుగా మేల్కొన్నారు. సరిగా ఏడాది తిరుగకముందే, 1948 సెప్టెంబరులో, పోలీసు చర్యతో నిజాము పాలన ముగిసింది. 1978లో కరీంనగరు డయోసీసు ఏర్పడినది. అదే సంవత్సరము సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించింది. పిమ్మట 2014లో రాష్ట్రము మారింది, 2016 అక్టోబరు 11న జిల్లాలు మారినవి. జగిత్యాల, కోరుట్ల ఒక జిల్లాలోనికి, సిరిసిల్ల మరొక జిల్లాలోనికి వెళ్ళినవి. రాజ్యములు, జిల్లాలు, డయోసీసులు మారిన ఈ కాలమంతటిలో ఆదివారపు ఆరాధన నిలిచి ఉన్నదంటే, సంఘమునకు పునాది ఏ ఒక్క మనుష్యుని మీదను వేయబడలేదని అర్థము చేసుకొనవలెను.

ఇక కాపరి లేని ఆ వారములలో సంఘ జీవితము ఎట్లుంటుందో చూద్దాము. పొరుగు పాస్టరేటు ప్రెస్బిటరు గారికి తాత్కాలిక బాధ్యత అప్పగించబడుతుంది. ఆయనకు తన సంఘము ఉండనే ఉన్నది. గనుక ఆదివారపు ఆరాధనను సంఘ పెద్దయో, ఉపదేశియో నడిపిస్తారు. వాక్యము చదువుట, ప్రార్థన, కీర్తనలు, కానుక అన్నియు జరుగుతాయి. ప్రభు భోజన సంస్కారము మాత్రము ప్రెస్బిటరు వచ్చువరకు ఆగవలసినదే. ఆ వారములలో బల్లమీద తెల్లని వస్త్రము పరచియుండును గాని పాత్ర ఉండదు. ఆ లోటును గమనించే సంఘము ఆరోగ్యముగల సంఘము. గమనించని సంఘమును గూర్చి ఆలోచింపవలెను.

వివాహముల సంగతి ఇంకను చిక్కైనది. మూడు ఆదివారములు ప్రకటన చదువవలెను. రెండవ ప్రకటన అయిన తరువాత అయ్యగారు వెళ్ళిపోతే, మూడవ ప్రకటన ఎవరు చదువుతారు, వివాహము ఎవరు జరిపిస్తారు అని పెండ్లివారికి దిగులు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము వివాహము జరిపించుటకు అధికారము ఉన్నవారే జరిపించవలెను, రిజిస్టరులో వ్రాయవలెను. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, సమాధుల రిజిస్టరు కాపరి సొత్తు కావు, సంఘపు సొత్తు. అవి ఇనుప పెట్టెలో ఉన్నవా, తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నది అనేది చిన్న విషయముగా కనిపించును. కాని పాస్‌పోర్టుకొరకు, ఉద్యోగముకొరకు ఒక యౌవనుడు తన బాప్తిస్మపు నకలు అడుగవచ్చిన దినమున అది చిన్న విషయము కాదు.

రిజిస్టరులో వ్రాయబడని జ్ఞానము మరొకటి ఉన్నది. అసలు నష్టము అక్కడనే జరుగుతుంది. మన ప్రాంతపు జీవితము అందరికి తెలిసినదే. జగిత్యాల, కోరుట్ల వైపు ఎందరో పురుషులు దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు వెళ్ళినారు. స్త్రీలు బీడీలు చుట్టి ఇల్లు గడుపుకొంటారు. సిరిసిల్లలో మరమగ్గముల పని బాగుంటే బువ్వ, లేకపోతే అప్పు. ఆ అప్పుల బాధకు ఎందరు నేతపనివారు ప్రాణములు తీసుకొన్నారో ఆ పట్టణమునకు తెలుసు. అయిదేండ్లు ఇంటింటికి తిరిగిన కాపరికి కొన్ని సంగతులు తెలిసియుంటాయి. ఏ ఇంటి యజమాని రెండేండ్లనుండి ఉత్తరము వ్రాయలేదో, ఫోను చేయలేదో, ఏ తల్లి మందులకు డబ్బులేక ఊరకున్నదో, ఏ యింటి అన్నదమ్ములు ఒకరి ముఖము ఒకరు చూడక గుడిలో చెరొక వైపు కూర్చుంటారో ఆయనకు తెలుసు. ఆయన బదిలీ అయిన దినమున ఈ జ్ఞానమంతయు ఆయనతో లారీ ఎక్కిపోతుంది. క్రొత్త కాపరి మొదటి అక్షరమునుండి నేర్చుకొనవలెను. ఆయన నేర్చుకొనేలోగా కొన్ని కుటుంబములు మౌనముగా జారిపోతాయి. కొందరు ప్రక్క వీధిలోని స్వతంత్ర ప్రార్థనా మందిరమునకు వెళ్ళుతారు, కొందరు ఎక్కడికిని వెళ్ళరు. వారు వెళ్ళిన సంగతి క్రిస్మసు కానుకల పట్టిక వ్రాసేటప్పుడు గాని తెలియదు.

రెండవ అపాయము పక్షములు. పౌలు వారము, అపొల్లో వారము అని కొరింథు సంఘము చీలిన సంగతి మనము ఎరుగుదుము. నాటినదొకరు, నీళ్ళు పోసినదొకరు అయినను పెంచేవాడు దేవుడేనని అపొస్తలుడు వారికి బుద్ధి చెప్పినాడు. మన సంఘములలో పాత అయ్యగారి మనుషులు, క్రొత్త అయ్యగారి మనుషులు అనే మాట వినబడుట సిగ్గుచేటు. తరచి చూస్తే ఈ పక్షములు కాపరులవలన పుట్టినవి కావు. కుటుంబ వైరములు, పేటల తగవులు, బాప్తిస్మము తరువాతకూడ మనలను వదలని కులపు జాడలు లోపల ఉండి, కాపరి పేరును ముసుగుగా వేసుకొంటాయి. కాపరి మారిన కాలములో ఆ ముసుగు కొంచెము జారుతుంది. అప్పుడైనా మన ముఖమును మనము చూసుకొనుట మేలు.

ఈ దినములలో సెల్‌ఫోను వచ్చి మరొక చిక్కు తెచ్చినది. వెనుకటి కాలములో వెళ్ళిన కాపరి వెళ్ళినట్లే. ఇప్పుడు నామకరణమునకు, గృహప్రవేశమునకు, చివరకు సమాధి కార్యక్రమమునకు కూడ పాత కాపరికే ఫోను వెళుతుంది. ప్రేమ ఉండుట మంచిదే. కాని క్రొత్త కాపరి పిలువనిదే పాత కాపరి ఆ సంఘములో సేవ జరిగించకూడదు. పిలిచేవారు కూడ ఇది తెలుసుకొనవలెను. ఎఫెసు పెద్దలను మిలేతు రేవుకు పిలిపించి, కన్నీళ్ళతో సెలవు తీసుకొన్న పౌలు, మందను ఆ పెద్దల చేతికే అప్పగించినాడు. సెలవు తీసుకొనుట కూడ సేవలో ఒక భాగమే.

కావున మన పాస్టరేటు కమిటీలు ఆలోచించుటకు కొన్ని సూచనలు చేయుచున్నాను. మొదటిది, ప్రతి పాస్టరేటులో ఒక అప్పగింత పుస్తకము ఉండవలెను. అందులో కుటుంబముల జాబితా, దూరదేశములలో ఉన్నవారి పేర్లు, రోగులు, వృద్ధులు, విధవరాండ్రు, ప్రకటన మొదలైన వివాహములు, నిర్ధారణకు సిద్ధపడుచున్న పిల్లలు, చెల్లించవలసిన బిల్లులు వ్రాసి, వెళ్ళే కాపరియు ఇద్దరు పెద్దలును సంతకము చేయవలెను. విశ్వసించి చెప్పుకొన్న రహస్యములు అందులో వ్రాయకూడదు, అవి దేవునికి అప్పగించవలసినవి. రెండవది, పాత మెథడిస్టు క్లాసుల పద్ధతిలో పది పన్నెండు కుటుంబములకొక పెద్దను, స్త్రీల సహవాసమునుండి ఒక సహోదరిని నియమించవలెను. గల్ఫు కుటుంబములలో తలుపు తీసేది స్త్రీయే. గనుక సహోదరీలు లేని పరామర్శ సగము పరామర్శ. మూడవది, వీడ్కోలు సభకు ఎంత శ్రద్ధ చూపుతామో, పొరుగునుండి వచ్చి భారము మోసే తాత్కాలిక ప్రెస్బిటరు గారి ప్రయాణపు ఖర్చుకు, భోజనమునకు అంత శ్రద్ధ చూపవలెను.

నాలుగవది చరిత్రకు సంబంధించినది. బిషప్పు స్థానము ఖాళీ అయినప్పుడు మోడరేటరు గారి కమిసరీ ఎవరో డయోసీసు దస్తావేజులలో వ్రాయబడుతుంది. పాస్టరేటులో కాపరి లేనప్పుడు ఆరాధన నడిపినవారెవరో ఎక్కడను వ్రాయబడదు. జగిత్యాలలోను, కోరుట్లలోను, సిరిసిల్లలోను ఆ దినములను ఎరిగిన వృద్ధులు ఇంకను మన మధ్య ఉన్నారు. యౌవనస్థులు ఒక నోటు పుస్తకము పట్టుకొని వారియొద్దకు వెళ్ళి, ఏ కాలములో ఎవరు గంట కొట్టినారు, ఎవరు వాక్యము చదివినారు, ఏ తల్లి పిడికెడు బియ్యము కూడబెట్టి దీపపు నూనెకు ఇచ్చింది అని అడిగి వ్రాసికొనవలెను. ఆ వృద్ధులు వెళ్ళిపోతే ఆ పేర్లు కూడ వెళ్ళిపోతాయి.

అట్లు సేకరించిన పేర్లను కాపరుల పట్టికలో, రెండు పేర్ల నడుమ ఉన్న ఖాళీలో వ్రాయుదుము గాక. కాపరులమైన మేము కొంతకాలముండి వెళ్ళిపోయే బాటసారులము. సంఘస్థులు ఆ ఊరివారు. మంద ఎవరిదో ఆ ప్రధాన కాపరికి మాత్రము బదిలీ లేదు.