హైబ్రిడ్ కారు బ్యాటరీ: ఆయుష్షు, మార్పిడి

హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజనుకు తోడుగా ఉండే మోటారును నడిపేది అధిక వోల్టేజీ బ్యాటరీ. టయోటా ఇన్నోవా హైక్రాస్‌లో ఇది నికెల్-మెటల్ హైడ్రైడ్ రకం. పూర్తిగా నిండనివ్వక, అడుగంటనివ్వక కంప్యూటరు కాపు కాస్తుంది గనుక ఏళ్ల తరబడి మన్నుతుంది. టయోటా 2021 నుంచి భారత్‌లో హైబ్రిడ్ బ్యాటరీలకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది.

బ్యాటరీకి అసలు శత్రువు వేడి. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మీదుగా మాచర్ల, ఎత్తిపోతల వైపు తిరిగే బండికి ఇది చిన్న విషయం కాదు. ప్రియస్ వంటి కార్లలో వెనక సీటు పక్క జాలీ గుండా వెళ్లే క్యాబిన్ గాలే బ్యాటరీని చల్లబరుస్తుంది. అక్కడ సంచులు అడ్డం పెట్టినా, దుమ్ము పేరుకున్నా సెల్లులు ఉడుకుతాయి.

మైలేజీ పడిపోవడం, ఛార్జి సూచిక ఉన్నట్టుండి ఎగిరిపడడం ముసలితనపు గుర్తులు. పాడైన మాడ్యూల్ (కొన్ని సెల్లుల గుంపు) ఒక్కటే మారిస్తే చవకే గానీ, మిగతా పాతవీ వంతులవారీగా మొరాయిస్తాయి. మొత్తం ప్యాక్ మార్చడమే మేలు. అధిక వోల్టేజీ పారే నారింజ రంగు తీగల జోలికి శిక్షణ లేనివారు పోకూడదు. బ్యాటరీ వ్యర్థాల 2022 నిబంధనల ప్రకారం పాత ప్యాక్‌ను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుదే.