ఇంటి ముందు ఎరుపు

న్యూజెర్సీలో అక్టోబరు సగానికొచ్చేసరికి మా వీధిలో కిటికీల కింద నాటిన పొదలన్నీ ఎర్రబడతాయి. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు "అక్కా, ఆ ఎర్ర మొక్క పేరేంటి? మేమూ వేసుకుంటాం" అని అడుగుతుంటారు. పేరొక్కటే చెప్పి ఊరుకోవడం నావల్ల కాదు.

ఎక్కువగా కనిపించేవి రెండు: బర్నింగ్ బుష్, ముళ్ల బార్బెర్రీ. రెండూ తూర్పు ఆసియా మొక్కలే. మొదటిదాన్ని 1860 ప్రాంతంలో తోటల అందం కోసం అమెరికాకు తెచ్చారు. రెండోది చుట్టు తిరిగి వచ్చింది. 1875లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి బోస్టన్‌లోని ఆర్నాల్డ్ అర్బొరేటమ్‌కు జపాన్ బార్బెర్రీ విత్తనాలు చేరాయి. అప్పటికే ఇక్కడ యూరప్ వలసదారులు తెచ్చిన మరో బార్బెర్రీ ఉండేది. దాని పళ్లతో జామ్ చేసుకునేవారు, బెరడుతో పసుపు రంగు తీసేవారు. అయితే గోధుమను నాశనం చేసే తుప్పు తెగులు బూజు తన జీవితంలో కొంతకాలం ఆ పొద మీదే గడుపుతుంది. అందుకని 1918లో ప్రభుత్వం దాన్ని వేళ్లతో సహా పెరికించే పని మొదలుపెట్టింది. జపాన్ రకానికి ఆ తెగులు అంటదు కాబట్టి దాన్ని వదిలేశారు. ముళ్లుండడంతో జింకలూ ముట్టవు. ఇక దానికి అడ్డేముంది! పిట్టలు పళ్లు తిని గింజల్ని అడవుల్లో వేశాయి. ఆ గుబుర్ల నీడలో తేమ నిలిచి, లైమ్ జబ్బును మోసే పిడుదులు పెరుగుతున్నాయని కనెటికట్ శాస్త్రవేత్తలు తేల్చారు. మసాచుసెట్స్ రాష్ట్రం ఈ రెండు పొదల్నీ నిషేధిత జాబితాలో పెట్టింది.

నాకు బాధ కలిగించే సంగతి వేరే ఉంది. అంతే చక్కని ఎరుపు ఈ నేలలోనే పుట్టి ఉంది. అదే బ్లూబెర్రీ పొద.

దక్షిణ న్యూజెర్సీలో పైన్ బారెన్స్ అనే ఇసుక నేలల అడవి ఉంది. అక్కడి వైట్స్‌బాగ్‌లో ఎలిజబెత్ వైట్ తండ్రికి క్రాన్‌బెర్రీ తోటలుండేవి. బ్లూబెర్రీ అడవి పొద, తోటలో బతకదని అప్పట్లో అందరి నమ్మకం. వాషింగ్టన్‌లో వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్ ఆ చిక్కు విప్పాడు. బ్లూబెర్రీకి పుల్లని నేల కావాలి, సున్నం వేసిన మంచి మడి పనికిరాదు. 1910లో అచ్చయిన ఆయన నివేదిక చదివి, మరుసటి ఏడాది ఎలిజబెత్ ఆయనకు ఉత్తరం రాసింది. మా పొలంలో ప్రయోగాలు చేయండి అంది. అడవిలో పళ్లేరుకునేవాళ్లకు 5/8 అంగుళం వెడల్పు రంధ్రమున్న కొలబద్ద ఇచ్చి, అంత లావు పండు కాసే పొదను చూపినవారికి డబ్బిచ్చింది. దొరికిన పొదకు చూపినవారి పేరే పెట్టింది. రూబ్ లీక్ అనే ఆయన చూపిన పొద 'రూబెల్' అయింది. ఆ రకం నేటికీ సాగులో ఉంది. 1916లో తొలి పంట బజారుకు వెళ్లింది. ఈ కథలో నేను ఎక్కువ గౌరవించేది ఆ ఏరుకునేవాళ్లనే. ఏ వాగు ఒడ్డున ఏ పొద ఎలా కాస్తుందో వాళ్లకు తెలియకపోతే, కోవిల్ చదువంతా కుండీల్లోనే ఆగిపోయేది.

నర్సరీల్లో బ్లూబెర్రీని పళ్ల మొక్కల వరసలో పెడతారు. ఎర్ర ఆకుల కోసం వెళ్లినవాళ్ల చూపు అటు పోదు. వసంతంలో తెల్లని గంటల్లాంటి పూలు, జులైలో పళ్లు. చలి తగిలాక ఆకుల్లోని పచ్చదనం తగ్గి, ఎండ పడ్డ మేర ఆంథోసయనిన్ పుట్టి నిండు ఎరుపు తిరుగుతుంది. నీడలో వేస్తే ఆ రంగు అంతగా రాదు.

కాబట్టి ఈసారి కిటికీ కింద గుంట తీసేటప్పుడు బార్బెర్రీని వద్దనుకోండి. మట్టి పులుపు పరీక్ష చేయించండి. పీహెచ్ 4.5, 5 మధ్య ఉంటే ఎండ బాగా తగిలే చోట రెండు వేర్వేరు రకాల బ్లూబెర్రీలు పక్కపక్కన నాటండి. ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి అందితే కాపు పెరుగుతుంది.