యంత్రసాక్షి



చెరువు తూమునకు కావలియున్న నీరుగంటి జామునకొకమారు వచ్చి చూచి పోవుచున్నాడనుకొందము. నడుమ నెవ్వరో తూమెత్తి, నీరు మళ్లించుకొని, మరల దించిరి. తగవు వచ్చినప్పుడు నీరుగంటి “నేను చూచినప్పుడెల్ల తూము మూసియే యున్న”దనును. వాని మాట యబద్ధము కాదు. అయినను జరిగినది తేలదు. నేడు నేను మనవి చేయబోవు యంత్రము కథ యంతయు నీ చిక్కులోనే యున్నది.

గణకయంత్రములలో ప్రతి సంకేతపు తీగయు రెండు స్థితులనే తెలుపును: విద్యుత్తు హెచ్చు, లేదా తగ్గు. 1971లో ఇంటెల్ సంస్థ 4004 అను మైక్రోప్రాసెసరును వెలువరించెను. అట్టివి వ్యాపించిన కొలది పెక్కు తీగల నొక్కమారే పరీక్షింపవలసి వచ్చెను. వాడుకలోనున్న ఆసిలోస్కోపు సామాన్యముగ రెండో నాలుగో తీగలనే చూపును. 1973లో హ్యూలెట్-పాకర్డ్ సంస్థ 5000ఎ అను లాజిక్ ఎనలైజరును తెచ్చెను. దాని ముఖమున 32 చొప్పున రెండు వరుసల చిన్న దీపములుండెను.

ఇట్టి యంత్రములకు రెండు పద్ధతులు స్థిరపడినవి. పరీక్షకు లోనగు యంత్రముయొక్క గడియారపు దెబ్బననుసరించి చూచుట “స్టేట్” పద్ధతి. తన సొంత గడియారముతో చూచుట “టైమింగ్” పద్ధతి. ఈ రెండవదానిలో చూపునకు చూపునకు నడిమి యెడమును పనివాడే నిర్ణయింపవలెను.

సెకనునకు కోటి మారులు చూచి, 1,000 చూపులను దాచుకొను యంత్రమున్నదనుకొందము. సెకనులో పదివేలవ వంతు గడచునప్పటికే దాని కొట్టు నిండిపోవును. యెడము పదిరెట్లు పెంచినచో పదిరెట్ల కాలము పట్టును. కాని సెకనులో పదిలక్షలవ వంతుకంటె పొట్టిదైన కదలిక జారిపోవచ్చును. కావున మిక్కిలి పొట్టి కదలికకంటె యెడము చిన్నదిగ నుండవలెననుట మొదటి నియమము. దాని నిడివిని గూడ కొలువగోరువారు యెడమును అందులో నాల్గవ వంతునకో, అంతకు తక్కువకో కుదించుట మేలు.

ఈ చిక్కునకు రెండుపాయములు వెలసినవి. మొదటిది “ట్రాన్సిషనల్” పద్ధతి: వేగముగనే చూచును, కాని మార్పు కలిగినప్పుడు మాత్రమే, కాలముతో గూడ వ్రాసికొనును. చాలసేపు నిశ్చలముగనుండు తీగలకిది మేలు. ఎడతెగక మారు తీగలకు లాభము స్వల్పము. రెండవది “గ్లిచ్” పట్టుట: రెండు చూపుల నడుమ తీగ యెగసి దిగినచో గుర్తు వేయును. తూముపై వేసిన మట్టిముద్ర చెదరినట్లే, ఇదియు సరియైన క్షణమును చెప్పదు. ఏదియో జరిగినదని మాత్రము చెప్పును. కొన్ని యంత్రములలో దీనికై సగము తీగలను వదలుకొనవలెను.

తెరమీద తిన్నని గీత కనబడినంతనే దోషము లేదని తలచువాడు, దోషమున్న తీగను విడిచి మంచి తీగలను వెదకుచు దినములు గడపును. ఆ గీత చెప్పునది యొక్కటే: “నేను చూచిన క్షణములలో మార్పు లేదు.” తగవులు తీర్చు పెద్దలకు నేను చెప్పవలసినది లేదు. సాక్షి మనుష్యుడైనను యంత్రమైనను, “ఏమి చూచితివి?” అనుటకు ముందు “ఎంతెంత సేపటికి చూచితివి?” అని యడుగుట న్యాయము.