షీషీలో సమందర్

మా మామూ జెద్దాలో ట్రక్కు నడిపేవాడు. తొంభైల మొదట్లో ఛుట్టీ మీద వచ్చినప్పుడు అబ్బా కోసం ఒక నీలం షీషీ తెచ్చాడు. పేరు కూల్ వాటర్. మూత తీసి నా దస్తీ మీద ఒక్కసారి కొట్టాడు. అప్పటికి నేను సమందర్‌ని ఉర్దూ రీడర్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. "మామూ, సమందర్ ఇట్లనే ఉంటదా?" అనడిగితే పగలబడి నవ్వాడు. "నక్కో రే! జెద్దా సమందర్ మచ్లీ, డీజిల్ వాసనొస్తది."

అబ్బా ఆ షీషీని ముట్టలేదు. స్పిరిట్ సెంటు మీద ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. వద్దనేవాళ్లున్నారు, పర్వాలేదనేవాళ్లూ ఉన్నారు. అబ్బా ఆ బహస్‌లోకి దిగలేదు. నా దస్తీ ముక్కు దగ్గర పెట్టుకుని, "యే తో సాబున్ హై" అన్నాడంతే. ఇది సబ్బు కదా అని. షీషీ ఏళ్ల తరబడి అల్మారాలోనే ఉండిపోయింది.

చాలా కాలం తర్వాత, ఖుష్బూల తారీఖ్ చదవడం షౌఖ్ అయ్యాక తెలిసింది, ఇద్దరూ నిజమే చెప్పారని.

నీళ్లకు వాసన లేదు. సముద్రానికి ఉంది గానీ, అది నీటిది కాదు. అందులో బతికే సూక్ష్మమైన నాచు నుంచి, సూక్ష్మజీవుల నుంచి పుట్టే డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువుకి అందులో పెద్ద వాటా. దాన్ని ఉన్నదున్నట్టు షీషీలో పోసి అమ్మితే ఎవడూ కొనడు. కాబట్టి మగవాళ్ల 'సముద్రపు' సెంట్లలో ఉన్నది సముద్రం కాదు, సముద్రం మీద కట్టిన ఖయాల్. ఆ ఖయాల్ సముద్రపొడ్డున కాదు, మందుల కంపెనీ ల్యాబులో పుట్టింది. 1966లో ఫైజర్ కంపెనీ కెమిస్టుల చేతికి ఒక పదార్థం చిక్కింది. దాని పేరు కెలోన్. వాసన చూస్తే పుచ్చకాయ తొక్క, ఆల్చిప్ప, ఉప్పుగాలి కలిసినట్టుంటుంది. చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

1988లో పియర్ బుర్దోన్ అనే ఫ్రెంచి ఇత్తర్‌సాజ్ డేవిడాఫ్ కోసం కూల్ వాటర్ చేశాడు. ఇక్కడే మా అబ్బా గెలిచాడు. అందులో తాజ్‌గీకి అసలు దన్ను డైహైడ్రోమిర్సెనాల్ అనే పదార్థం. నిమ్మ, లావెండర్, ఉతికి ఆరేసిన బట్ట, ఈ మూడింటి మధ్యలో ఉంటుంది దాని వాసన. సెంట్లలో దానికి పేరు రాకముందే సబ్బులు, బట్టల పౌడర్లు దాన్ని బాగా వాడుకున్నాయి. 1982లో వచ్చిన డ్రక్కార్ న్వార్ దాన్ని మగవాళ్ల సెంట్లలో ముందుకు తెచ్చింది. కూల్ వాటర్ దానికి పుదీనా చల్లదనం చేర్చి, నీలం షీషీలో పెట్టి, నీళ్ల పేరు తగిలించింది. సగం మహిమ ఆ పేరుదీ, ఆ రంగుదే అని నా అనుమానం. 1992లో ఇస్సే మియాకే ఆడవాళ్ల సెంటు 'లో దిస్సే' కెలోన్‌ని ధారాళంగా వాడింది. 1996లో అర్మానీ 'ఆక్వా ది జో' వచ్చింది. చేసినవాడు అల్బెర్టో మోరియాస్. ఇటలీలో పాంటెల్లెరియా అనే ద్వీపం దానికి ప్రేరణ అని చెబుతారు. ఆ తర్వాత ఏ ఎయిర్‌పోర్ట్‌లో చూసినా నీలం షీషీలే.

మగవాళ్లు ఎందుకంత ఇష్టపడ్డారు? నాకు తోచింది ఇది. యూరప్ మర్ద్‌కి పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఖుష్బూ అంటే కొంచెం షరమ్. కొలోన్, గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్, అంతవరకే ఇజాజత్. ఈ కొత్త సెంటు 'నేను సింగారించుకున్నాను' అని చెప్పదు, 'ఇప్పుడే స్నానం చేసొచ్చాను' అంటుంది. శుభ్రత పేరు చెప్పి ఖుష్బూ పూసుకునే బహానా దొరికింది.

మన ఇళ్లలో మగవాళ్లకు ఆ బహానా అక్కర్లేదు. జుమ్మా నమాజ్‌కి బయల్దేరేటప్పుడు చెవి మడతలో ఇత్తర్ ఫాయా పెట్టుకోవడం రివాజ్. మోసమ్‌ని బట్టి ఇత్తర్ మారేది. చలికాలం హినా, షమామా. ఎండాకాలం ఖస్, అంటే మన వట్టివేళ్లు. ఐనె అక్బరీలో అబుల్ ఫజల్ వట్టివేళ్ల తడకల మీద నీళ్లు చల్లి చల్లబరిచే ఖస్‌ఖానాల గురించి రాశాడు. కూల్ వాటర్ అన్న మాట అక్షరాలా దానికే చెల్లుతుంది, ఏమంటారు?

ఇంకోటి మట్టి ఇత్తర్. కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి డేగ్‌లో మరిగించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి దింపుతారు. మొదటి బారిష్ వాసన షీషీలోకి వస్తుంది. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ వాన వాసనకి 'పెట్రికోర్' అని పేరు పెడుతూ నేచర్ పత్రికలో రాసినప్పుడు ఈ మట్టి ఇత్తర్‌నీ ప్రస్తావించారు. తర్వాత రెండేళ్లకే కెలోన్. ఒక చోట వానని పట్టుకునే పాత హునర్‌కి శాస్త్రం గవాహీ ఇస్తోంది, ఇంకో చోట ఎవరూ చూడని సముద్రం తయారవుతోంది.

పోయిన రంజాన్‌లో చార్మినార్ దగ్గర ఇత్తర్ దుకాణ్‌కి వెళ్లాను. గాజు సీసాల వరసలో కూల్ వాటర్ కూడా ఉంది, స్పిరిట్ లేకుండా, నూనెలో. మణికట్టు మీద రాయించుకున్నాను. సబ్బు ఉంది, నీళ్లు లేవు. స్పిరిట్ గాల్లోకి ఎగురుతూ వాసనని తనతో పాటు లేపుతుంది. నూనె దాన్ని చర్మం మీదే కూర్చోబెడుతుంది. తాజ్‌గీకి ఆ ఎగరడమే ప్రాణం.

మట్టి ఇత్తర్ అడిగాను. దుకాణ్‌దార్ చిన్న షీషీ తీసి, కాసేపు ఆగి, నిజం చెప్పేశాడు. "చందన్ తేల్ ఈ ధరకు యాడికెళ్లి తేవాలె సాబ్? ఇది పారాఫిన్‌ల కలిపింది. మట్టి వాసన గూడ ల్యాబ్‌దే."

నా పక్కన నిలబడ్డ కుర్రాడు, పద్దెనిమిదేళ్లుంటాయేమో, కూల్ వాటర్ ఆరు మిల్లీలీటర్లు పోయించుకుంటున్నాడు. నేను అబ్బా కోసం ఖస్ తీసుకున్నాను. అది అస్లీయేనా అని అడగలేదు.