వెడ్జ్ కత్తికి రెట్టింపు కూలి

నూరడానికి నా దగ్గరికి వచ్చే పాత మంగలికత్తుల్లో చేతికి బరువుగా తగిలేవి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌వి. వెన్ను బాగా మందం. అక్కణ్ణుంచి అంచు దాకా రెండు పక్కలూ దాదాపు చదునుగా దిగుతాయి. వీటినే వెడ్జ్ కత్తులంటాం. చూసినవాళ్లు మోటు పని అని పెదవి విరుస్తారు. కానీ ఆ రూపం సాన చక్రం ఇచ్చింది. షెఫీల్డ్ వాగుల మీద నీటి చక్రాలతో తిరిగిన ఇసుకరాతి సానలు పెద్దవి. చక్రం ఎంత పెద్దదైతే కత్తి పక్కన పడే గుంత లోతు అంత తక్కువ.

ఉక్కు మాత్రం మేలిరకం. ఆ ఉక్కు తెచ్చిన బెంజమిన్ హంట్స్‌మన్ గడియారాలు చేసేవాడు. స్ప్రింగులకు నికరమైన ఉక్కు దొరక్క, 1740ల్లో మట్టి మూసల్లో ఉక్కు కరిగించి పోత పోయడం సాధించాడు. పొరలూ నలకలూ లేని ఆ ఉక్కు రేజరుకు సరిగ్గా కుదిరింది.

మూసలో ఉక్కు మనకు కొత్త కాదు. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో అంతకుముందు నుంచే తీసేవారు, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఇలాంటి మన దేశపు ఉక్కే 'వూట్జ్' పేరుతో 1790ల్లో లండన్ చేరింది. కత్తుల పనివాడు జేమ్స్ స్టోడార్ట్ దాంతో రేజర్లు చేసి, యూరప్‌లోని మేలిరకం ఉక్కు కన్నా ఇదే తనకు నచ్చిందని తన దుకాణం కార్డు మీదే అచ్చు వేయించాడు. తర్వాత శాస్త్రవేత్త మైకేల్ ఫారడేతో కలిసి దాని గుట్టు తేల్చబోయి, ఉక్కులో వెండి, ప్లాటినం వగైరా కలిపి చూశాడు. 500 పాళ్ల ఉక్కుకు ఒక పాలు వెండి బాగుందని తేల్చారు. ఆ మోజు మీదే షెఫీల్డ్ కత్తుల మీద 'సిల్వర్ స్టీల్' ముద్ర పుట్టుకొచ్చింది. ముద్ర చూసి లోపల వెండి ఉందని మాత్రం నేను నమ్మను.

ఇక నూరడం. వెడ్జ్ అంచుకు నల్ల మార్కర్ పూసి రాయి మీద ఒక్కసారి లాగి చూడండి. పక్క మధ్యలో మెరుపు వస్తుంది, అంచు దగ్గర నలుపు అలాగే ఉంటుంది. అంచు తప్ప పక్కంతా రాయికి ఆనుకోవడమే కారణం. అంచు చేరాలంటే ముందు ఆ మధ్య ఇనుమంతా అరగాలి. అందుకే వెన్నుకు ఒక వరస టేపు అంటించి కత్తిని వెంట్రుకవాసి లేపుతాం. అప్పుడు టేపు, అంచు మాత్రమే రాయిని తాకుతాయి. అంచు విల్లులా వంగి ఉంటే మడమ నుంచి మొన దాకా మణికట్టు తిప్పుకుంటూ లాగాలి. రాయి ఏమాత్రం గుంత పడినా పని చెడినట్టే.

19వ శతాబ్దం గడిచేకొద్దీ చిన్న చక్రాలు వచ్చి పక్కలను లోతుగా తొలిచాయి. ఆ కత్తిలో రాయిని తాకేది వెన్నూ అంచూ మాత్రమే, కాబట్టి నూరేవాడికి పని తేలిక. కానీ అరగాల్సిన ఇనుము ఎక్కడో ఒకచోట అరగాలి కదా. నా రాయి మీద తగ్గిన అరుగుదల షెఫీల్డ్ సాన మీద పెరిగింది. అక్కడ అప్పటికే రాతిపొడి, ఇనుపరజను ఊపిరితిత్తుల్లో చేరి పనివాళ్లు దగ్గుతో కృశించేవారు. ఆ ఊరి డాక్టర్ ఆర్నాల్డ్ నైట్ 1830లో ఈ జబ్బు మీద రాశాడు. తడిసాన, పొడిసాన రెండూ పట్టే రేజరు పనివాళ్లు నలభైల్లోనే పోతున్నారన్నాడు. అదీ ఇంకా వెడ్జ్ కత్తుల రాజ్యం నడుస్తున్న రోజుల్లోనే.

కొందరు వెడ్జ్ తెచ్చి, మోటారు చక్రం మీద పెట్టి పలచన చేసెయ్యమంటారు. చెయ్యను. క్షణం ఆదమరిస్తే అంచు వేడెక్కి నీలం తిరుగుతుంది, హంట్స్‌మన్ ఉక్కైనా పదును నిలవదు. చేత్తోనే నూరుతాను, మామూలు కత్తికి రెట్టింపు తీసుకుంటాను. ఎందుకని అడిగితే మార్కర్ పూసి చూపిస్తాను.