వీరనారి కవచం

అంతరిక్ష కథల బొమ్మలు చూసినప్పుడల్లా నాకొక సందేహం: ఆ కవచం వీరనారిని కాపాడడానికా, చూసేవాణ్ణి మురిపించడానికా? 1940లలో అమెరికా పత్రిక 'స్టార్ట్‌లింగ్ స్టోరీస్' వంటి వాటికి ఎర్ల్ బెర్గీ వేసిన ముఖచిత్రాల్లో మగవాడు నిండా దుస్తులతో ఉంటే, పక్కనున్న ఆమెకు రొమ్ములపై ఇత్తడి తొడుగులే దక్కేవి.

కవచానికి ఒక ధర్మం ఉంది. ఛాతీ రేకు ముందుకు ఉబ్బి ఉంటే దెబ్బ పక్కకు జారిపోతుంది. దాన్నే రొమ్ముల ఆకారంలో మలిస్తే కత్తిమొన నడిమి పల్లంలోకే జారుతుంది.

1986లో జపాన్‌లో నింటెండో సంస్థ 'మెట్రాయిడ్' అనే వీడియో ఆట తెచ్చింది. అందులో హిరోజి కియోటాకే రూపొందించిన సామస్ అరాన్‌కు ఆపాదమస్తకం లోహమే. ఆట వేగంగా ముగిస్తే శిరస్త్రాణం తీస్తుంది. అప్పుడుగానీ స్త్రీ అని తెలియదు. మరీ వేగంగా ముగించినవారికి ఈతదుస్తుల్లో కనిపిస్తుంది. పాత బుద్ధి బహుమానం రూపంలో మిగిలిందన్నమాట!

1991లో రెండో ఆట వచ్చింది. గేమ్‌బాయ్ తెరకు రంగుల్లేవు. బలమైన కవచాన్ని వేరుగా చూపేందుకు భుజాలను పెద్ద గుండ్రాలుగా గీశారు. ఆ భుజాలే తర్వాత ఆమె గుర్తయ్యాయి. అవసరం గీసిన గీత నిలిచిందని నా నమ్మకం. ఒంపులు గీసేముందు చిత్రకారుడు దెబ్బ ఎటునుంచి వస్తుందో ఆలోచిస్తే చాలు.