జపాన్ మంచు, వేడినీటి స్నానం: మన కుటుంబాలు ముందే తేల్చుకోవాల్సిన సంగతులు

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు కుటుంబాలకు ఉమ్రా, గల్ఫ్ ప్రయాణాలు కొట్టిన పిండే. జపాన్ సంగతి వేరు. నాలుగైదు రోజులు మంచులో ఆడుకుని, వేడినీటి ఊటల్లో స్నానం చేసి రావడం తేలికైన ప్లానే గానీ, స్నానం, తిండి, నమాజు ఈ మూడూ బుకింగ్‌కు ముందే తేలాలి. అక్కడికి వెళ్లాక చూసుకుందాం అంటే కుదరదు.

మంచు ఎక్కువగా పడేది జపాన్ సముద్రం వైపు, నీగాతా, నగానో ప్రాంతాల్లో. ఆ ప్రాంతాన్ని 'యుకిగుని', అంటే మంచు దేశం అంటారు. చలికాలంలో ఉత్తరాసియా చలికి తాళలేక కొల్లేటికి వచ్చే బాతుల సంగతి మనకు తెలుసు కదా. ఆ సైబీరియా చలిగాలే సముద్రం మీద తేమను పీల్చుకుని, జపాన్ కొండలకు తగిలి పైకి లేచి, మీటర్ల లెక్కన మంచు కురిపిస్తుంది.

తక్కువ రోజులుంటే యుజావా మేలు. టోక్యో నుంచి జోఎత్సు షింకాన్‌సెన్ రైల్లో గంటన్నర లోపే ఎచిగో-యుజావా చేరతారు. పక్కనే ఉన్న గాలా యుజావాలో అయితే రైలు స్టేషనూ స్కీ కేంద్రమూ ఒకే చోట ఉంటాయి. నగానోలోని నొజావా ఆన్‌సెన్ పాత ఊరు, ఊరివాళ్లే చూసుకునే 13 వేడినీటి స్నానశాలలున్నాయి. ఇయామా స్టేషన్‌లో దిగి బస్సు ఎక్కాలి. చిన్నపిల్లలుంటే నా ఓటు యుజావాకే. ఏడు రోజుల జేఆర్ పాస్ ధర 2023 అక్టోబర్‌లో 50,000 యెన్‌లకు పెరిగింది. ఇంత చిన్న ట్రిప్‌కు అది దండగ, విడి టికెట్లే చౌక.

తేదీల విషయంలో జాగ్రత్త. మంచు బాగా ఉండేది జనవరి, ఫిబ్రవరి. రంజాన్ 2027లో ఫిబ్రవరి రెండో వారంలో, 2028లో జనవరి చివర్లో మొదలవుతుంది, నెలవంకను బట్టి ఒక రోజు అటూఇటూ. అంటే ఈ రెండేళ్లూ మన సంక్రాంతి సెలవులే సరైన టైము. జపాన్‌లో జనవరి రెండో సోమవారం సెలవు కాబట్టి దాని ముందు శని, ఆదివారాలు రద్దీగా ఉంటుంది. అది దాటాక వెళ్తే గదులు కాస్త తేలిగ్గా దొరుకుతాయి.

ఇక అసలు చిక్కు స్నానం. వేడినీటి ఊటను 'ఆన్‌సెన్' అంటారు. 1948 నాటి చట్టం ప్రకారం నీరు 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా చట్టం చెప్పిన ఖనిజాల్లో ఒకటైనా తగినంత ఉండాలి. ఉమ్మడి స్నానశాలల్లో ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు తొట్లు ఉంటాయి. కానీ లోపల ఎవరూ బట్ట కట్టరు, ఈత దుస్తులూ ఒప్పుకోరు. మగవాళ్ల మధ్యే ఉన్నా బొడ్డు నుంచి మోకాలి దాకా సతర్ తప్పనిసరి కాబట్టి మనకు అది కుదరదు. అలాగని వేడినీటిని వదులుకోనక్కర్లేదు. చాలా సత్రాల్లో 'కాషికిరి' అనే ప్రైవేటు తొట్టి ఉంటుంది. గంటో, ముప్పావు గంటో మన కుటుంబానికే ఇచ్చి తలుపు వేసుకోమంటారు. కొంచెం ఖర్చు పెడితే గదికే సొంత తొట్టి ఉన్నవీ దొరుకుతాయి. బుక్ చేసేటప్పుడు ఈ రెండిటిలో ఏది ఉందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. 'అషియు' అనే పాదాల తొట్లలో అయితే అందరూ కూర్చోవచ్చు. ఆ ఊళ్లలో చాలాచోట్ల అవి ఉచితం. నీళ్లు 40 డిగ్రీలు దాటి ఉంటాయి. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ను అడిగి దిగాలి. షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కేవాళ్లకు కాలినా తెలియదు, అందుకే ముందు చేత్తో చూసుకోవాలి.

తిండిలో పంది మాంసం ఒక్కటే కాదు సమస్య. వంటల్లో వాడే 'మిరిన్', 'సాకే' మద్యమే. రామెన్ పులుసు చాలాచోట్ల పంది ఎముకలతో కాస్తారు. టోక్యోలో హలాల్ హోటళ్లున్నాయి, కొండ ఊళ్లలో తక్కువ. సత్రానికి ముందే రాస్తే చేప, అన్నం, కూరగాయలతో ఏర్పాటు చేసేవాళ్లు ఉన్నారు, మిరిన్ వద్దని విడిగా చెప్పాలి. ఇంటి నుంచి పప్పు పొడి, నిమ్మకాయ పచ్చడి పట్టుకెళ్లండి. గోంగూర మటన్, చికెన్ పచ్చడి మాత్రం పెట్టెలో పెట్టొద్దు. మాంసం ఏ రూపంలో తెచ్చినా జపాన్ ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, శిక్షలూ కఠినంగా ఉన్నాయి. మన రైస్ కుక్కర్ కూడా పనికిరాదు, అక్కడ కరెంటు 100 వోల్టులే.

జనవరి నడుమ ఏలూరులో పొద్దు గుంకేది 5:50 ప్రాంతంలో. యుజావాలో 4:50కే మగ్రిబ్. జుహర్ పన్నెండుకు ముందే మొదలవుతుంది, హనఫీ లెక్కన అసర్ మూడింటి ప్రాంతంలో. స్కీ బూట్లు విప్పి తొడగడం పెద్ద పని. భోజనం విరామంలో బూట్లు విప్పి వుజూ చేసి జుహర్ చదివి, అసర్‌కల్లా ఆట ఆపేయడం నయం. కొత్తగా నేర్చుకునేవాళ్ల కాళ్లు ఎలాగూ ఆ టైముకు మొరాయిస్తాయి. మిగతా తిరుగుడులో తోలు మేజోళ్లుంటే ప్రయాణికులకు మూడు పగళ్లు, మూడు రాత్రుల మసహ్ సౌకర్యం ఉంది. ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. టోక్యో స్టేషన్‌లో, నారితా, హనేదా ఎయిర్‌పోర్టుల్లో నమాజు గదులున్నాయి. జుమా టోక్యోలో పడితే టోక్యో జామీ చూడండి. 1938లో మొదలై, 2000లో మళ్లీ కట్టిన తుర్కీ శైలి మసీదు. ఇంకోటి, జపాన్ టాయిలెట్లలో నీళ్లు కొట్టే ఏర్పాటు దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, మన పెద్దవాళ్లకు అదే పెద్ద ఊరట.

మంచు దుస్తులు కొనొద్దు, అక్కడే అద్దెకిస్తారు. అవి వదులుగా, ఒళ్లంతా కప్పేవే. అమ్మాయిలు హెల్మెట్ కింద బిగుతు టోపీ హిజాబ్ కట్టుకోవాలి. వేలాడే దుపట్టా కొస లిఫ్ట్‌లో చిక్కుకుంటే ప్రమాదం.

గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి టోక్యోకు నేరుగా ఎనిమిది గంటల లోపు విమానం. వీసా తప్పనిసరి, 2024 ఏప్రిల్ నుంచి మనవాళ్లకు ఈ-వీసా వచ్చింది. ఏజెంటు దగ్గర ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ పేరిట కొంత పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు. పాన్ నంబర్ సరిగా ఇచ్చి, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చు, లేదా వాపసు తీసుకోవచ్చు.

బడ్జెట్ అంత లేకపోతే గుల్‌మర్గ్ ఉంది. అక్కడి గండోలా రెండో దశ దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకు వెళ్తుంది. హలాల్ తిండికి, మసీదుకు వెతుక్కోనక్కర్లేదు. వేడినీటి ఊట మాత్రం ఉండదు.